వేరు అడిగితేనే నీళ్లు

ఆర్కిడ్ పెంచడం కష్టమని చాలామంది నమ్మకం. ఫెలనాప్సిస్ విషయంలో ఆ నమ్మకానికి ఆధారం లేదు. నర్సరీల్లో వెడల్పాటి ఆకులతో, వంగిన కాడ నిండా తెల్లటివో గులాబీ రంగువో పూలతో కనిపించే మొక్క అదే. హైదరాబాద్‌లో మా తూర్పు కిటికీ గట్టు మీద ఏళ్లుగా ఇవే పెంచుతున్నాను. కుండీ మొక్కల్లో ఇంత తక్కువ చాకిరీతో ఇన్నాళ్లు పూలు నిలిపేది మరొకటి నాకు తెలియదు.

దీని పుట్టిల్లు ఫిలిప్పీన్స్, ఇండోనేషియా వంటి చోట్ల ఉన్న అడవులు. అక్కడ చెట్ల కొమ్మల్ని పట్టుకుని బతుకుతుంది. అలాగని మామిడి కొమ్మ మీది బదనికలా చెట్టు రసం పీల్చదు. కొమ్మ దానికి ఆసరా మాత్రమే. వాన పడితే వేళ్లు తడుస్తాయి, గాలి వీస్తే ఆరిపోతాయి. తడవడం ఎంత అవసరమో ఆరడమూ అంతే అవసరం. మట్టిలో నాటితే ఆ వేళ్లకు గాలాడదు, కుళ్లిపోతాయి. అందుకే చిల్లులున్న కుండీలో కొబ్బరి పీచు ముక్కలు, కట్టెబొగ్గు, ఇటుక ముక్కలు కలిపి వేస్తాను.

కుండీ పారదర్శకంగా ఉంటే మరీ మంచిది, లోపలి వేళ్లు కనబడతాయి. వేరు పైన మృతకణాల పొర ఒకటి ఉంటుంది. ఎండినప్పుడు అందులో గాలి నిండి వేరు వెండిలా తెల్లగా కనిపిస్తుంది. నీళ్లు తగలగానే ఆ పొర వాటిని పీల్చుకుంటుంది, మన కళ్లముందే వేరు పచ్చబడుతుంది. ఇంకా పచ్చగా ఉంటే ఆగాలి, తెల్లబడితే పోయాలి. వారానికి ఎన్నిసార్లు అన్న లెక్క పెట్టుకోవద్దు. వర్షాకాలంలో వేళ్లు ఆరడానికి ఎక్కువ రోజులు పడుతుంది, ఎండాకాలంలో త్వరగా ఆరతాయి. నేను పొద్దున్నే కుళాయి కింద పెట్టి తడిపి, నీరంతా కారిపోయాకే గట్టు మీదికి చేరుస్తాను. ఆకుల నడుమ మొవ్వులో నీరు నిలిస్తే వెంటనే గుడ్డతో అద్దేస్తాను. అక్కడ కుళ్లు పట్టిందంటే మొక్క దక్కడం కష్టం.

వెలుతురు సంగతి ఆకు చెబుతుంది. ముదురు పచ్చగా మారితే వెలుతురు చాలడం లేదు, ఎర్రబారితే ఎక్కువైంది. తూర్పు కిటికీలో పొద్దుటి ఎండ సరిపోతుంది. పడమటి కిటికీ అయితే పల్చటి తెర తప్పనిసరి. మన మే నెల ఎండకు ఆకులు మాడిపోతాయి.

పూతకు చలి కావాలి. ఉష్ణోగ్రత కొన్ని వారాలపాటు 25 డిగ్రీల లోపు ఉంటే పూలకాడ పుడుతుంది. హైదరాబాద్ చలికాలం ఆ పని చేసిపెడుతుంది. ఆకు మొదట్లో కొత్తగా ఏదైనా పొడుచుకొస్తే దాని కొసను పరీక్షగా చూడండి. గుండ్రంగా నున్నగా ఉంటే వేరు, కాస్త చదునుగా, ఒకవైపు నొక్కుతో ఉంటే పూలకాడ. అది ఎదుగుతున్నంత కాలం కుండీని తిప్పకండి. కాడ వెలుతురు వైపు సాగుతుంది, తిప్పితే వంకరపోతుంది. విచ్చిన పూలు రెండు మూడు నెలలు నిలుస్తాయి.

పూలు రాలాక మొక్క పనైపోయిందని పారేసేవాళ్లున్నారు. దయచేసి అలా చేయకండి. కాడ ఇంకా పచ్చగా ఉంటే కింది నుంచి రెండో మూడో కణుపు పైన కోయండి, అక్కడి నుంచి మరో కొమ్మ రావచ్చు. కాడ ఎండితే మొదలంటా తీసేసి, వేరు అడిగినప్పుడు నీళ్లు పోస్తూ చలికాలం దాకా ఆగండి. ఆకులు, వేళ్లు గట్టిగా ఉన్న ఫెలనాప్సిస్ మళ్లీ పూస్తుంది.