సున్నం ఆరేదాకా

గుడ్ ఫ్రైడే నాడు మా గుళ్లో ఏడు మాటల ధ్యానం మధ్యాహ్నం మూడింటికి అయిపోయేది. పొద్దుటి నుంచీ ఉపవాసం. ఎండన పడి ఇంటికొచ్చి, ఇంత మజ్జిగ తాగి, మా పెదనాన్న తెల్లపంచె విప్పి పాత లుంగీ కట్టుకునేవాడు. పెరట్లో మూలన బోర్లించిన కాగును దొర్లించుకొచ్చి, అందులో రాతిసున్నం గడ్డలు వేసి, ఎడంగా నిలబడి చెంబుతో నీళ్లు పోసేవాడు. కాసేపు ఏమీ ఉండేది కాదు. తర్వాత గడ్డలు ఒక్కొక్కటే చిట్లేవి. బుసబుసా ఆవిరి, కుతకుతా ఉడుకు. పొయ్యి లేదు, నిప్పు లేదు, కాగు మాత్రం చెయ్యి పెట్టలేనంత కాలిపోయేది. "దగ్గరకి రాకండ్రా, కంట్లో పడిందంటే చూపు పోద్ది" అని మమ్మల్ని అరుగు మీదకి తరిమేవాడు. మా చిన్నతనంలో ఈస్టర్ ఆ ఆవిరితోనే మొదలయ్యేది.

గుంటూరు వైపు లూథరన్ పల్లెల్లో పుట్టినవాళ్లకి ఈస్టర్ అంటే సమాధుల పండుగ కూడా. క్రిస్మస్‌కి ఇంటికి సున్నం, ఈస్టర్‌కి సమాధికి సున్నం. శనివారం పొద్దున్నే ఇంటిల్లిపాదీ సమాధుల తోటకి వెళ్లాలి. ఏడాదిగా పెరిగిన పల్లేరూ, తుమ్మ మొలకలూ పీకాలి. కుంగిన చోట మట్టి ఎత్తిపోయాలి. పగుళ్లు పూడ్చాలి. సున్నం కొట్టాలి. ఆరాక నల్లరంగుతో పేర్లు దిద్దాలి. ఆదివారం తెల్లారుజామున కొవ్వొత్తులూ బంతిపూలూ పట్టుకుని మళ్లీ రావాలి. కథోలికులు గతించిన వారి కోసం నవంబర్ 2న సమాధుల దగ్గర చేరతారు. మా పెద్దలు చనిపోయినవాళ్ల కోసం ప్రార్థించేవాళ్లు కారు. మా సంఘపు ఆచారంలో దానికి చోటు లేదు. వాళ్ల దగ్గర నిలబడి, వీళ్లు లేస్తారు అని చెప్పుకోవడానికి మాత్రం చోటుంది. ఆ మాట చెప్పుకోవడానికి ఈస్టర్‌ని మించిన రోజేముంది?

సున్నం కొట్టడం చూడ్డానికి తేలికైన పని. చేతికి ఇచ్చినప్పుడు తెలిసింది. శుక్రవారం ఉడికిన సున్నాన్ని రాత్రంతా ఊరనిచ్చి, శనివారం పొద్దున పాత పంచె గుడ్డలో వడగట్టాలి. పిప్పి పారేసి, చిక్కటి పాలలా దిగినదానిలో గుప్పెడు ఉప్పు, తుమ్మ జిగురు నానబెట్టిన నీళ్లు, చిటికెడు నీలిమందు కలపాలి. జిగురు లేకపోతే చేత్తో తాకితేనే తెల్లగా అంటుకుంటుంది. నీలిమందు ఎక్కువైతే సమాధి పాలిపోయినట్టు కనబడుతుంది. కుంచె కొనేవాళ్లం కాదు. తాటిమట్ట మొదలు కోసి, బండ మీద పెట్టి రోకలితో నలగ్గొడితే పీచు తేలి కుంచె తయారయ్యేది. ముందు గోడను నీళ్లతో తడపాలి. పొడిగోడ మీద కొడితే సున్నంలోని తడిని అదే పీల్చేసుకుంటుంది, నాలుగు రోజుల్లో పెచ్చులు లేస్తాయి.

పదకొండేళ్లప్పుడు నాకు మొదటిసారి కుంచె ఇచ్చారు, మా నాయనమ్మ సమాధికి. ఎంత కొట్టినా నీళ్లు కొట్టినట్టే ఉంది, కింద పాత మరకలన్నీ కనబడుతూనే ఉన్నాయి. ఏడుపొచ్చింది. అదే చోట మళ్లీ మళ్లీ పూస్తుంటే పెదనాన్న వచ్చి కుంచె పట్టుకున్నాడు. "తడిలో చూసి తొందరపడమాకరా. సున్నం ఆరితేనే తెలుపు. నువ్వు కొట్టాల్సింది కొట్టేశావ్, ఇంక దాన్ని ఆరనీ." మధ్యాహ్నం అన్నాల తర్వాత వెళ్లి చూస్తే నాయనమ్మ సమాధి కళ్లు చెదిరేంత తెల్లగా ఉంది.

ఆరడమంటే వట్టి తడి ఆవిరైపోవడం కాదని చాలా ఏళ్లకి చదువుకున్నాను. సున్నపురాయిని బట్టీలో కాల్చినప్పుడు దానిలోని బొగ్గుపులుసు గాలి పోతుంది. గోడ మీద పూశాక, సున్నం మెల్లగా గాలిలోంచి అదే వాయువును తిరిగి తీసుకుని, మళ్లీ రాయవుతుంది. పెదనాన్నకి ఈ రసాయనశాస్త్రం తెలియదు. ఆయనకి తెలిసినంత సున్నం నాకు ఇప్పటికీ తెలియదు.

సువార్తలో ఈస్టర్ ఉదయం ఎలా మొదలవుతుందో చూడండి. శుక్రవారం సాయంత్రం విశ్రాంతి దినం ముంచుకొస్తోంది. యేసు దేహాన్ని హడావుడిగా సమాధిలో పెట్టారు. చెయ్యాల్సిన పని మిగిలిపోయింది. విశ్రాంతి దినం ముగిసేదాకా ఆగి, మగ్దలేనే మరియ, యాకోబు తల్లి మరియ, సలోమే సుగంధ ద్రవ్యాలు కొనుక్కుని ఆదివారం తెల్లవారుజామున బయల్దేరారని మార్కు రాశాడు. దారిలో వాళ్లు మాట్లాడుకున్నది పునరుత్థానం గురించి కాదు. సమాధి నోటికి అడ్డంగా పెట్టిన అంత పెద్ద రాయిని ఎవరు దొర్లిస్తారని. పని మీద వెళ్లే ఆడవాళ్ల మాటలు అవి. శిష్యులు తలుపులు వేసుకుని కూర్చున్న ఇంట్లో కాదు, శవానికి చెయ్యాల్సిన పని చెయ్యడానికి వచ్చిన ఈ ఆడవాళ్ల దగ్గరే ఆయన లేచాడన్న కబురు మొదట పడింది. యోహాను సువార్తలో మగ్దలేనే మరియ లేచిన యేసును చూసి తోటమాలి అనుకుంటుంది. ఆ సమాధి తోటలో ఉంది కాబట్టి. శ్మశానాన్ని మావాళ్లు సమాధుల తోట అన్నప్పుడల్లా నాకు ఆ తోటే గుర్తొస్తుంది.

సున్నం కొట్టిన సమాధుల మాట సువార్తలో ఉంది, అయితే తిట్టుగా ఉంది. పైకి తెల్లగా, లోపల కుళ్లుతో ఉన్నారని యేసు శాస్త్రులనూ పరిసయ్యులనూ నిలదీసింది మత్తయి 23వ అధ్యాయంలో. ఆదివారం బడిలో ఆ వాక్యం విన్న ఏడాది, శనివారం కుంచె పట్టుకోవాలంటే నాకు సిగ్గేసింది. తర్వాత తెలిసింది, ఆ సున్నం వేరు. యూదు ధర్మశాస్త్రం ప్రకారం సమాధిని తాకినవాడు ఏడు రోజులు అపవిత్రుడు. పస్కా పండుగకు యెరూషలేము వెళ్లే జనం తెలియక తొక్కకుండా, పండుగకు నెల ముందు, అదారు నెల 15న సమాధులకు గుర్తు పెట్టేవాళ్లని, ఆ గుర్తు సున్నంతోనని మిష్నా చెబుతుంది. దగ్గరికి రావద్దని వాళ్లు కొట్టిన సున్నం అది. దగ్గరికి రమ్మని మేం కొడతాం. ఆ రెండు తెలుపులకూ మధ్య జరిగింది ఒక్క ఆదివారం.

ఆ ఆదివారం ఏటా తేదీ మారుతుంది. క్రీ.శ. 325లో నికయా మహాసభ అన్ని సంఘాలూ ఒకే రోజున పండుగ చెయ్యాలని నిర్ణయించింది. మార్చి 21న గానీ, ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి దాటాక మొదటి ఆదివారం అని లెక్క. అందుకే మార్చి 22కి ముందు రాదు, ఏప్రిల్ 25 దాటదు. 2024లో హోలీ అయిన వారానికే, మార్చి 31న వచ్చింది. 2025లో చైత్ర పౌర్ణమి దాటి ఏప్రిల్ 20న. పాత జూలియన్ క్యాలెండర్ పాటించే ఆర్థడాక్స్ సంఘాలకు ఎక్కువ ఏళ్లలో వేరే ఆదివారం పడుతుంది, 2025లో మాత్రం రెండూ కలిశాయి. మా పెద్దమ్మకి ఈ లెక్కలతో పని లేదు. ఉగాది దాటాక పున్నమి ఎప్పుడో చూసి, "ఆ వచ్చే ఆదివారమే కదంటయ్యా" అనేది. చాలా ఏళ్లు ఆమె మాటే సరిపోయేది. పౌర్ణమి వెళ్లిన వారంలోపే వస్తుంది కాబట్టి ఈస్టర్ తెల్లవారుజామున ఆకాశంలో ఎప్పుడూ చంద్రుడు ఉంటాడు. మబ్బు లేకపోతే కరెంటు లేకపోయినా దారి కనబడుతుంది.

మూడున్నరకి గుడి గంట కొట్టేవాళ్లు. నాలుగింటికల్లా అందరూ గుడి ముందు. పెట్రోమాక్స్ లైటు ముందు నడిచేది, దాని వెనక పాస్టరు అయ్యగారు, ఆయన వెనక కీర్తనలు పాడుతూ ఊరు. తోట చేరేసరికి, నిన్న మన చేత్తో తెల్లగా చేసిన సమాధులు ఆ మసక వెన్నెల్లో వరసగా నిలబడి ఉండేవి. పగలు చూసిన వాటిలా ఉండేవి కావు. ఎవరి వాళ్ల దగ్గరికి వాళ్లు వెళ్లి కొవ్వొత్తులు వెలిగించేవాళ్లు. పక్క సమాధి కొవ్వొత్తి నుంచి మన కొవ్వొత్తి, మనదాని నుంచి ఇంకొకరిది. గాలికి ఆరితే చెయ్యి అడ్డం పెట్టి మళ్లీ. అయ్యగారు కొరింథీయుల పత్రికలోంచి పునరుత్థానపు అధ్యాయం చదివేవారు. "క్రీస్తు లేచెను" అంటే, అందరూ "నిజముగా లేచెను" అనేవాళ్లు. ఏడుపులు వినబడేవి, కొత్త సమాధుల దగ్గర. వాటి పక్కనే పిల్లలు కరిగిన మైనాన్ని ఉండలు చేసుకుంటూ ఆడుకునేవాళ్లు. వాళ్లని ఎవరూ కసురుకునేవాళ్లు కాదు. తూర్పు తెల్లబడుతుండగా గుడికి తిరిగొచ్చి ఆరాధన, ప్రభు భోజనం. ఇంటికెళ్తే గారెలూ కోడికూరా.

మావాళ్లు చనిపోయారు అనరు, ప్రభువునందు నిద్రించారు అంటారు. సమాధి మీదా అదే రాస్తారు. ఇంగ్లీషులో సిమెట్రీ అనే మాట వచ్చిన గ్రీకు మాటకి కూడా అర్థం నిద్రపోయే చోటనే. నిద్రపోయేవాళ్లని లేపడానికి వెళ్లే వేళ ఏది? తెల్లారుజాము. నాలుగింటికే ఎందుకెళ్లాలి, ఎండెక్కాక వెళ్తే ఏమైందని అడిగినప్పుడు అమ్మ చెప్పిన జవాబు ఇదే.

ఇలాంటి తెల్లారుజాము జర్మనీలోనూ ఒకటుంది. సాక్సనీలోని హెర్న్‌హుట్ అనే చిన్న ఊళ్లో 1732 ఈస్టర్ నాడు, మొరేవియన్ సంఘపు యువకులు కొందరు చీకటితోనే గుట్ట మీది శ్మశానానికి వెళ్లి, సమాధుల మధ్య పాడుతూ సూర్యోదయం కోసం నిలబడ్డారు. ఇప్పుడు లోకమంతా చేసే ఈస్టర్ సూర్యోదయ ఆరాధనల వరసలో మొదటిదిగా చెప్పేది దాన్నే. అమెరికాలో నార్త్ కరోలినాలోని సేలంలో వాళ్ల సంఘం 1772 నుంచి అది చేస్తోంది. అక్కడా ముందు రోజు కుటుంబాలన్నీ వచ్చి రాళ్లు కడిగి, పూలు పెడతారు. చదువుతుంటే మా ఊరి శనివారం గురించే చదువుతున్నట్టు అనిపించింది.

ఒక్క విషయంలో కాదు. ఆ మొరేవియన్ల శ్మశానంలో రాళ్లన్నీ నేలకి ఒకే మట్టంలో, ఒకే తీరులో పరిచి ఉంటాయి. డబ్బున్నవాడికీ లేనివాడికీ ఒకటే రాయి. కుటుంబాల వారీగా కూడా పెట్టరు, మగవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు వేర్వేరుగా, ఆ లోపల ఎవరి తర్వాత ఎవరు పోతే ఆ వరసే. మా తోటలో తూర్పు వైపు ఒక పల్లెవాళ్ల సమాధులు, పడమటి వైపు ఇంకో పల్లెవాళ్లవి. రెండు పల్లెల వాళ్లూ ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచినవాళ్లే. చచ్చిపోయాక మధ్యలో కాలిబాట ఎందుకో చిన్నప్పుడు అడిగితే పెద్దవాళ్లు మాట మార్చారు. పునరుత్థానాన్ని నమ్మేవాళ్లం ఆ బాటను సమాధుల మధ్య ఉంచుకోవడం తప్పు. ఊరి చివర ఆ తోట కూడా దొరకక, శవాన్ని ఎక్కడ పెట్టాలో తెలియని పల్లెలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. ఈస్టర్ నాడు సంఘాలు మాట్లాడాల్సిన విషయాల్లో అదొకటి.

ఈస్టర్ గుడ్ల గురించి అడుగుతారు కొందరు. ఒకప్పుడు ఈస్టర్‌కి ముందు వచ్చే శ్రమల కాలమంతా గుడ్లు తినకూడదన్న నియమం ఉండేది. కోళ్లకి ఆ నియమం తెలియదు కాబట్టి పండుగ నాటికి ఇంటినిండా గుడ్లు పోగయ్యేవి. తూర్పు సంఘాల వాళ్లు వాటికి ఎర్రరంగు వేసి పంచుకుంటారు. మనకి అవి బేకరీల్లోకి వచ్చాయి, పిల్లలకి ఇష్టం, మంచిదే. నా ఈస్టర్ మాత్రం సున్నం వాసనే.

ఆ వాసన ఇప్పుడు తగ్గింది. తోటలో సగానికి పైగా గ్రానైట్ వచ్చింది. నల్లరాయి మీద ఫొటో, బంగారు రంగు అక్షరాలు. వానకి చెక్కుచెదరదు. కన్నవాళ్లకి మంచి రాయి వేయించాలన్న బిడ్డల కోరికని నేను తప్పు పట్టను. కానీ గ్రానైట్ వచ్చాక శనివారం ఎవరూ రావడం లేదు. రాయికి మనతో పని లేదు. సున్నం అలా ఊరుకోదు. ఒక్క వానాకాలానికే నల్లబడి, వచ్చి నన్ను చూసుకోమంటుంది. ఏడాదికొకసారి తండ్రి సమాధి నాలుగు వైపులా మోకాళ్ల మీద తిరిగే అవకాశం, సున్నం ఉన్నవాళ్లకే ఉంది.

పోయినేడు పక్క సమాధి దగ్గర ఒక పెద్దావిడ ఫోన్ ఎత్తి పట్టుకుని నిలబడింది. అవతల కువైట్‌లో కొడుకు. అక్కడ రాత్రి రెండు గంటలు. ఆదివారం అక్కడ పనిరోజు, పొద్దున్నే డ్యూటీ. "అమ్మా, నాన్న పేరు కనబడట్లేదు, కొంచెం కిందకి పెట్టు" అంటున్నాడు. ఆవిడ కొవ్వొత్తి తీసి పేరు దగ్గరగా పట్టుకుంది. అతను పేరంతా పైకి చదివాడు, ఒక్కో అక్షరం. "రంగు ఎవరేశారమ్మా?" అన్నాడు. "నేనే వేశాన్రా." అవతల చాలాసేపు మాట లేదు.

ఈ శనివారం మీ ఊరి తోటకి వెళ్లండి. పిల్లల్ని తీసుకెళ్లండి, కుంచె వాళ్లకివ్వండి. మీవాళ్లది గ్రానైట్ అయితే దాన్ని ఒక బిందె నీళ్లతో కడిగేసి, పక్కకి చూడండి. పేరు చెరిగిపోయిందీ, మట్టిదిబ్బగా కుంగిపోయిందీ, వారసులెవరూ రానిదీ ఒకటైనా ఉంటుంది. బాటకి ఏ వైపున ఉన్నా సరే, దానికి ఒక పూత వెయ్యండి. రాతిసున్నం వాడేవాళ్లు శుక్రవారం సాయంత్రమే నీళ్లు పోసి ఉంచండి. అప్పటికప్పుడు కలిపింది వేడిగా ఉంటుంది, పిల్లల చేతులు కాలతాయి.