అడ్డు నిలిచిన దేహాలు: ‘సిటీ హంటర్’ కొరియన్ ధారావాహిక ఆకర్షణ – పరిశీలన

దక్షిణ కొరియాలో ఎస్.బి.ఎస్. టెలివిజన్ సంస్థ 2011 మే 25 నుంచి జూలై 28 వరకు 20 భాగాలుగా ప్రసారం చేసిన ‘సిటీ హంటర్’ ఆ దేశపు యాక్షన్ థ్రిల్లర్ ధారావాహికలలో విశేష జనాదరణ పొందినవాటిలో ఒకటి. దీనికి దర్శకుడు జిన్ హ్యుక్. లీ మిన్ హో, పార్క్ మిన్ యంగ్ ప్రధాన పాత్రధారులు. జపాన్ చిత్రకథకుడు త్సుకాసా హోజో 1985–91 మధ్య ధారావాహికగా వెలువరించిన అదే పేరు గల చిత్రకథ దీనికి ఆధారం. అయితే పేరు, మహానగరంలో మరుగున ఉండి పనిచేసే నాయకుడు అన్న ఊహ మినహా మూలం నుంచి నిలిచింది చాలా తక్కువ. టోక్యోలోని షింజుకు ప్రాంతంలో తిరిగే ప్రైవేటు పరిశోధకుని సరస సాహసాలు కొరియాకు వచ్చేసరికి రాజ్యం చేసిన నేరాన్ని గురించిన కథగా మారాయి.

ఇటువంటి ధారావాహికల ఆకర్షణకు కారణాలు చెప్పవలసి వచ్చినప్పుడు సాధారణంగా నాయకుని రూపం, పోరాట దృశ్యాల వేగం, ప్రేమకథ అన్నవి ముందుకు వస్తాయి. మరికొంత లోతుకు వెళ్ళదలచినవారు ‘హాన్’ అన్న కొరియన్ భావనను ఆశ్రయిస్తారు. తీరని వేదన, అణగిపోయిన ఆక్రోశం కలగలిసిన భావస్థితికి ఆ పేరు. కొరియా నుంచి వచ్చిన ప్రతి విషాదానికీ ఇదే తాళంచెవి అనుకోవడం వల్ల ఒక రచనకూ మరొక రచనకూ ఉన్న తేడా చెరిగిపోతుంది. ‘సిటీ హంటర్’లో వేదన ఉన్న మాట నిజమే. కానీ దాని ప్రత్యేకత పోరాట దృశ్యాలకు ఇచ్చిన అర్థంలో ఉంది. ఇందులో యాక్షన్‌కు ప్రాణం దెబ్బ కొట్టడం కన్నా దెబ్బకు అడ్డు నిలవడంలో ఉంది. కథ దిశ మారిన ఘట్టాలన్నిటా ఒకరికి తగలవలసిన గాయాన్ని మరొకరు తమ దేహం మీదికి తీసుకుంటారు. ప్రతీకార కథగా పేరు పడిన రచన లోలోపల రక్షణ కథగా నడవడం వల్లనే ప్రేక్షకుడు చివరిదాకా రెండు వైపులా లాగబడతాడు.

చరిత్ర – కల్పన

కథ చారిత్రక ఘటనతో మొదలవుతుంది. 1983 అక్టోబరు 9న బర్మా రాజధాని రంగూన్‌లోని అమరవీరుల స్మారకం వద్ద, దక్షిణ కొరియా అధ్యక్షుడు చున్ డూ హ్వాన్ లక్ష్యంగా ఉత్తర కొరియా మనుషులు బాంబు పేల్చారు. అధ్యక్షుడు చేరుకోవడం కాస్త ఆలస్యమైనందున బతికిపోయాడు. మంత్రులతో సహా 17 మంది దక్షిణ కొరియన్లు, నలుగురు బర్మీయులు మరణించారు. ధారావాహికలోని మిత్రులు పార్క్ మూ యుల్, లీ జిన్ ప్యో ఆనాడు అక్కడున్న అధ్యక్షుని అంగరక్షకులు. వారి వృత్తే అడ్డు నిలవడం అన్నది గమనార్హం.

ఇక్కడి నుంచి కల్పన. దాడికి బదులు తీర్చుకోవాలని ఐదుగురు పెద్దలు రహస్యంగా ఒక దళాన్ని ఉత్తర కొరియాకు పంపుతారు. దళం పనిలో ఉండగానే పెద్దలు మనసు మార్చుకుంటారు. సంగతి బయటపడితే అమెరికా తన అణు గొడుగును మడిచేస్తుందని వారి భయం. పని ముగించుకొని సముద్రంలో ఈదుకుంటూ వస్తున్న సైనికుల మీద, వారిని ఎక్కించుకోవలసిన సొంత జలాంతర్గామి నుంచే తూటాలు కురుస్తాయి. మూ యుల్ తన దేహంతో జిన్ ప్యోను కప్పి మరణిస్తాడు. జిన్ ప్యో ఒక్కడే మిగులుతాడు. దేశానికి గొడుగు నిలవాలంటే ఆ గొడుగు కింద ఉండవలసినవారిని చంపక తప్పదన్న తర్కం ఇది. మూ యుల్ చేసిన పని దానికి సూటి సమాధానం. ఆ ఘట్టంలో దానికి వ్యాఖ్యానం ఏదీ జోడించకపోవడం దర్శకుని సంయమనానికి నిదర్శనం.

కొరియన్ ప్రేక్షకులకు ఈ కల్పన వెనుక మరొక నిజం కనిపించక మానదు. 1968 జనవరిలో 31 మంది ఉత్తర కొరియా కమాండోలు బ్లూ హౌస్‌గా పేరొందిన అధ్యక్ష భవనం మీద దాడికి వచ్చారు. దానికి జవాబుగా దక్షిణ కొరియా సిల్మిడో ద్వీపంలో 31 మందితోనే 684వ దళాన్ని తయారుచేసింది. వారిని ఎన్నడూ పంపలేదు. 1971 ఆగస్టు 23న వారు తమ కాపలాదారులను చంపి, బస్సులో సియోల్ దాకా వచ్చారు, వారిలో ఎక్కువమంది అక్కడ అంతమయ్యారు. ఈ ఉదంతం మీద 2003లో వచ్చిన ‘సిల్మిడో’ కొరియాలో కోటి మందికి పైగా ప్రేక్షకులు చూసిన తొలి కొరియన్ చిత్రం. రాజ్యం తాను తయారుచేసిన మనుషులను తనవారు కాదనడం అక్కడ జనస్మృతిలో మానని గాయం. ‘సిటీ హంటర్’ ఆ గాయాన్ని 1983కు తరలించి, మరణించినవారికి ఒక కొడుకును కల్పించింది.

పెంపకం, రక్తం

జిన్ ప్యో మిత్రుని పసికందును తల్లి వద్ద నుంచి ఎత్తుకుపోయి థాయిలాండ్ ప్రాంతపు బంగారు త్రికోణంలో, నల్లమందు ముఠాల మధ్య ఆయుధంగా పెంచుతాడు. ఆ పిల్లవాడే లీ యూన్ సంగ్. ఈ పెంపకంలో ప్రేమ ఎంత, పథకం ఎంత అన్నది తేలకుండా ఉంచడం రచనలోని బలమైన అంశాలలో ఒకటి. కఠినుడైన ఈ పెంపుడు తండ్రే మందుపాతర నుంచి కొడుకును కాపాడబోయి కాలు పోగొట్టుకుంటాడు. మూ యుల్ నుంచి తనకు అందిన ప్రాణదానాన్ని, తెలిసో తెలియకో, జిన్ ప్యో ఇక్కడ తిరిగి చెల్లించాడు. గతం చెప్పి ప్రతీకారానికి పంపడం దాని తరువాతి మాట. కనుక యూన్ సంగ్‌కు పెంపుడు తండ్రి నుంచి పరస్పర విరుద్ధమైన రెండు ఆస్తులు సంక్రమించాయి: చంపమన్న ఆజ్ఞ, కాపాడిన చేత.

సియోల్‌కు వచ్చి బ్లూ హౌస్ సమాచార వ్యవస్థ విభాగంలో చేరిన యూన్ సంగ్ ఐదుగురినీ ఒక్కొక్కరిగా వెతుకుతాడు. చంపడు. నేరానికి సాక్ష్యం కూడగట్టి, మనిషితో సహా ప్రాసిక్యూటర్‌కు అప్పగించాలన్నది అతని పద్ధతి. తెలుగు ప్రేక్షకులకు పరిచితమైన ‘ఠాగూర్’ (2003), ‘అపరిచితుడు’ (2005) వంటి చిత్రాలలో అవినీతిపరుని మరణమే తృప్తినిచ్చే ఘట్టం. ఇక్కడ ఆ తృప్తిని నాయకుడే నిరాకరిస్తాడు. పోరాటాల తీరు కూడా దీనికి తగినట్లే ఉంటుంది. కత్తి, తుపాకీ చేతిలో ఉండదగిన చోట అతడు అన్నం తినే చెంచాతో ఎదిరించే దృశ్యం ప్రసిద్ధం. చెంచాతో దెబ్బను మళ్ళించవచ్చు, ఎదుటివాని చేయి ఆపవచ్చు. ప్రాణం తీయడం మాత్రం సులభం కాదు. దాన్ని కేవలం చమత్కారంగా చూసి నవ్వి వదిలేయడం ఆ దృశ్యానికి అన్యాయం.

కొరియన్ సాహిత్యంలో ఈ నాయకునికి పూర్వులు లేకపోలేదు. ధనికుల ఇళ్ళు దోచి, నిరపరాధులు అనుమానానికి గురికాకుండా మేహ్వా పూల కొమ్మను గుర్తుగా వదిలే ఇల్జిమే ఒకడు. అంతకన్నా దగ్గరివాడు హాంగ్ గిల్ డాంగ్. హో గ్యూన్ (1569–1618) రచనగా సంప్రదాయం చెప్పే ‘హాంగ్ గిల్ డాంగ్ కథ’లో నాయకుడు మంత్రికి దాసి వల్ల పుట్టినవాడు. తండ్రిని తండ్రీ అని పిలిచే హక్కు లేనివాడు. దొంగల నాయకుడై అవినీతి అధికారులను దోచి, చివరికి దేశం విడిచి వెళ్ళి వేరొక రాజ్యం స్థాపిస్తాడు. యూన్ సంగ్ విషయంలోనూ చివరి భాగాలలో తెలిసే నిజం ఇటువంటిదే. అతడు మూ యుల్ రక్తం పంచుకున్నవాడు కాడు. ఐదుగురిలో ఒకడై ప్రస్తుతం దేశాధ్యక్షుడైన చోయ్ ఉంగ్ చాన్ అతని కన్నతండ్రి.

జన్మరహస్యం కొరియన్ ధారావాహికలలో అరిగిపోయిన కథాంశం. ఇక్కడ మాత్రం అది కథ పునాదినే కదిలిస్తుంది. తండ్రి మరణానికి పగ తీర్చుకోవడం కొడుకు ధర్మమన్న సూత్రం మీద జిన్ ప్యో ఇరవై ఎనిమిదేళ్ళ పథకం నిలబడింది. రక్తమే ప్రమాణమైతే ఆ సూత్రం ప్రకారమే యూన్ సంగ్ అధ్యక్షుణ్ణి కాపాడాలి. చేతే ప్రమాణమైతే మూ యుల్ అతనికి తండ్రి. కానీ మూ యుల్ చేత చంపడం కాదు, కాపాడటం. ఏ వైపు నుంచి చూసినా చంపడానికి అధికారం మిగలదు. నన్నయ ఆదిపర్వంలో తక్షకుని మీద సొంత కోపం ఉన్న ఉదంకుడు, పరీక్షిత్తు మరణాన్ని గుర్తుచేసి జనమేజయుణ్ణి సర్పయాగానికి పురికొల్పుతాడు. దాన్ని ఆపగలిగినవాడు నాగకన్యకూ మునికీ పుట్టి ఉభయ వంశాలకూ చెందిన ఆస్తీకుడు. జిన్ ప్యోది ఉదంకుని స్థానం. జనమేజయుడు, ఆస్తీకుడు ఇద్దరూ ఒకే దేహంలో ఉండటం యూన్ సంగ్ సంకటం. ఈ పోలికను ప్రభావంగా భావించనక్కరలేదు. పితృప్రతీకారాన్ని లోపలి నుంచి ఆపదలచిన కథకు రెండు కులాల బిడ్డ అవసరమవుతాడన్నది మాత్రం రెండు చోట్లా కనబడుతుంది.

చట్టం ముందు

సాక్ష్యంతో అప్పగించడం వల్ల న్యాయం జరుగుతుందా? ఈ ప్రశ్నను రచన తేలికగా వదలలేదు. ప్రాసిక్యూటర్ కిమ్ యంగ్ జూ నిజాయితీపరుడు. కొరియాలో నేర పరిశోధన మీద ప్రాసిక్యూటర్లకు ఆనాడు ఉండిన విస్తృతాధికారం దృష్ట్యా అతని పాత్ర మన కథలలోని పోలీసు అధికారి కన్నా బరువైనది. అతని తండ్రి ఐదుగురిలో ఒకడు. తండ్రి తాగి చేసిన కారు ప్రమాదాన్ని కప్పిపుచ్చడంలో తాను భాగమైన సంగతి అతణ్ణి వెంటాడుతుంది. ఆ ప్రమాదం వల్ల అనాథలా మిగిలిన కిమ్ నా నాకు పేరు చెప్పకుండా ధనసహాయం చేస్తూ వస్తాడు. ఒకప్పుడు అడ్డు నిలవలేకపోయినవాడు అతడు. చివరికి సాక్ష్యం కోసం వెళ్ళి పారిశ్రామికవేత్త చన్ జే మాన్ మనుషుల చేతిలో మరణిస్తాడు. ముసుగు వేసుకున్న నాయకుడు బతికి, ముసుగు లేని న్యాయాధికారి చనిపోవడం ఈ కథలోని అత్యంత చేదు ఘట్టం.

ఐదుగురి నేరాలు 1983తో ఆగవు. ఒకడు సైనికులకు నాసిరకం బూట్లు సరఫరా చేయించాడు, మరొకడు విశ్వవిద్యాలయ నిధులు మింగాడు, జే మాన్ కర్మాగారంలో కార్మికులు లుకేమియా పాలయ్యారు. ప్రసారం జరుగుతున్న 2011 జూన్‌లోనే సియోల్‌లో విద్యార్థులు ఫీజులు సగానికి తగ్గించాలని కొవ్వొత్తులతో ప్రదర్శనలు జరిపారు. అదే నెల 23న, సెమీకండక్టర్ కర్మాగారంలో పనిచేసి లుకేమియాతో మరణించిన ఇద్దరు కార్మికుల వ్యాధి వృత్తి వల్ల వచ్చినదేనని సియోల్ పరిపాలనా న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. అది గురువారం, ధారావాహిక ప్రసారమయ్యే రోజు. వార్తలలో చూసినదాన్నే ప్రేక్షకులు రాత్రి కథలోనూ చూశారు. ప్రతి నేరంలోనూ రక్షించవలసిన సంస్థే తన కింద ఉన్నవారికి హాని చేసింది. సముద్రంలో కాల్పులు, కర్మాగారంలో రసాయనాలు ఒకే నేరానికి రెండు రూపాలని రచన చెప్పకనే చెబుతుంది.

లోపాలు

ఈ దృష్టితో చూసినప్పుడు రచన తన సూత్రాన్ని తానే మరచిన చోటు నా నా పాత్ర. జూడోలో ఆరితేరిన బ్లూ హౌస్ అంగరక్షకురాలు ఆమె. అడ్డు నిలవడాన్ని వృత్తిగా స్వీకరించి సజీవంగా ఉన్న ప్రధాన పాత్ర ఇదొక్కటే. మూ యుల్ చేతకు అసలైన వారసురాలు కాదగినది. తొలి భాగాలలో ఆ అవకాశం స్పష్టంగా కనబడుతుంది. కథ నడిచేకొద్దీ ఆమె కాపాడబడవలసిన నాయికగా, ‘నాకు దూరంగా ఉండు’ అన్న ధోరణి మాటలు పదేపదే వినవలసిన ప్రేయసిగా కుదించుకుపోతుంది. నడిమి భాగాలలోని సాగదీత చాలావరకు ఈ కుదింపు ఫలితమే. ఐదుగురు దోషులలో అధ్యక్షుడు మినహా తక్కినవారి మనసులోకి తొంగిచూసే ప్రయత్నం జరగకపోవడం మరొక లోపం. యాదృచ్ఛిక ఘటనల సంఖ్యను గురించి చెప్పనే అక్కరలేదు.

అయినా ముగింపు ఘట్టం ఈ లోపాలను చాలావరకు మరపిస్తుంది. బ్లూ హౌస్‌లో జిన్ ప్యో, అధ్యక్షుడు, యూన్ సంగ్ ఎదురెదురుగా నిలుస్తారు. పెంచిన తండ్రి తుపాకీ కన్నతండ్రి మీద ఉంటుంది. యూన్ సంగ్ మధ్యకు వస్తాడు, తూటా అతనికి తగులుతుంది. 1983లో నీటిలో మూ యుల్ చేసిన పనిని, అతని రక్తం పంచుకోని కొడుకు, అతనికి ద్రోహం చేసిన వర్గానికి చెందినవాని కోసం చేశాడు. జిన్ ప్యో ఆ క్షణాన తన ఓటమిని గుర్తించిన తీరు మాటల్లో లేదు. అంగరక్షకుల తుపాకులు తన వైపు తిరిగి ఉండగా, నగరమంతా వెతుకుతున్న ‘సిటీ హంటర్’ తానేనని ప్రకటించి, కొడుకు మోయవలసిన పేరును తన మీద వేసుకొని, ఒకప్పుడు తాను పనిచేసిన దళం వారి తూటాలకే నేలకొరుగుతాడు.