ఉప్పుగాలిలో గేమింగ్ పీసీ

1985లో ఏర్పడిన పాండిచ్చేరి విశ్వవిద్యాలయం పక్కనే సముద్రం. అది ఉన్న కాలాపేటలో కంప్యూటర్‌కు వైరస్ కంటే ఉప్పుగాలితోనే బెడద ఎక్కువ: ర్యామ్ అంచు మసకబారుతుంది, క్యాబినెట్ మరలకు తుప్పు పడుతుంది. అందుకే ఇక్కడ సొంతంగా గేమింగ్ పీసీ బిగించుకునే కుర్రాళ్లంటే నాకు ముచ్చట. చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి విడిభాగాలు మోసుకొస్తారు. ప్రాసెసర్ మీద ఎండిన థర్మల్ పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెడతారు. (ఎక్కువ పూస్తే ఎక్కువ చల్లబడుతుందనుకోవడం అత్యాశ!)

వాళ్ల అసలు పనితనం గేమ్ కంట్రోలర్ విప్పినప్పుడు తెలుస్తుంది. వేలు పెట్టకుండానే తెరమీద బొమ్మ పక్కకు నడుస్తోందంటే, చాలాసార్లు స్టిక్ కింది పొటెన్షియోమీటర్‌లో కార్బన్ పూత అరిగినట్టు. టంకం జాగ్రత్తగా కరిగించి దాన్ని మార్చాలి. బోర్డు మీది రాగిగీత లేచిందా, గోవిందా! అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సర్ వేస్తే ఆ అరుగుదల ఉండదు. కొత్త కంట్రోలర్ కొనొచ్చుగా అంటే, ఆడటం కంటే విప్పడమే బాగుంటుందంటారు.