తమ్ముణ్ణి మోసినవాడే తండ్రి

అరకిలోకు కాస్త ఎక్కువ తూగే కోతి. ముఖం చుట్టూ సింహానికున్నట్టు బంగారు రంగు జూలు. పేరు గోల్డెన్ లయన్ టామరిన్. బ్రెజిల్‌లో రియో డి జనీరో చుట్టుపక్కల తీరపు అడవులే దీని పుట్టిల్లు. 1970ల మొదట్లో అక్కడ మిగిలినవి సుమారు 200 అని, అడవులు పట్టుకు తిరిగిన బ్రెజిల్ శాస్త్రవేత్త అడెల్మార్ కోయింబ్రా-ఫిల్యో లెక్కగట్టారు. జూలలో ఉన్నవి వందలోపే. వాటికి పుట్టిన పిల్లలు దక్కేవి కావు.

వాషింగ్టన్‌లోని నేషనల్ జూలో డెవ్రా క్లైమన్ ఈ కోతుల కాపురాన్ని ఓపిగ్గా గమనించారు. జంటగా ఉంచితే కుదురుగా ఉంటాయి. ఎదిగిన ఆడవి రెంటిని ఒకే ఎన్‌క్లోజర్‌లో పెడితే కొట్లాటే. పుట్టేది ఎక్కువగా కవలలు. కొన్నాళ్లకే అవి తల్లి వీపు దిగి తండ్రి వీపెక్కుతాయి, అక్కడినుంచి అన్నల, అక్కల వీపులమీదికి. పాలకు మాత్రం అమ్మ దగ్గరికి. తోబుట్టువులను మోయకముందే విడదీసిన పిల్లలకు, రేపు తమ బిడ్డను ఎలా పట్టుకోవాలో తెలిసేది కాదు! అందుకే తల్లి మరో కాన్పు చూసేదాకా పిల్లలను ఇంట్లోనే ఉంచాలన్నారామె. ఈ ఒక్క మాటలో ఎన్ని గంటల చూపు దాగుందో తలచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఆ తర్వాతిది స్టడ్‌బుక్. ప్రతి కోతికీ ఒక నంబరు, తల్లీ తండ్రీ ఎవరు, ఎక్కడ పుట్టింది, ఎక్కడికి వెళ్లింది. గోత్రం చూసి సంబంధం కుదిర్చే పెద్దమనిషి పని లాంటిదే, కాకపోతే ఇక్కడ మేనరికం పనికిరాదు. బంధుగణం తక్కువున్న కోతికి ముందు జోడీ వెతకాలి. బాగా పిల్లలను కన్న జంటను ఇక ఆపాలి. చంటిపిల్లలను చూడటానికే జనం గుమిగూడే జూకు ఈ మాట చెప్పి ఒప్పించడం తేలిక కాదు. క్లైమన్ ఒప్పించారు. ఈ కోతులను ఎవరూ అమ్మకూడదు, ఏది ఎక్కడికి వెళ్లాలో జూల ఉమ్మడి కమిటీయే చెప్పాలి అని జూలన్నిటి చేతా ఒప్పందం రాయించారు. 1990ల తొలినాళ్లకు ఆ జూలు తమ కోతులమీద హక్కునే బ్రెజిల్‌కు అప్పగించాయి. గట్టు తగాదాలు చూసినవాళ్లకు ఇదెంత పెద్ద పనో తెలుసు.

అంతకుముందే, 1984లో జూలలో పెరిగిన కొన్నిటిని బ్రెజిల్‌లోని పోసో దాస్ ఆంటాస్ అడవిలో వదిలారు. కదలని కర్రలమీద పెరిగినవి, కొమ్మ ఊగితే బెదిరిపోయాయి. చాలావరకు బతకలేదు. వదిలేముందు ఇచ్చిన శిక్షణ పెద్దగా అక్కరకు రాలేదని, ఈ పని చూసిన బెంజమిన్ బెక్ బృందం దాచకుండా రాసింది. అడవిలో పుట్టిన వాటి పిల్లలు మాత్రం కొమ్మలను ఇట్టే పట్టేశాయి. దాంతో బృందం పద్ధతి మార్చుకుంది. వదిలాక కూడా వెంట ఉండి తిండి పెట్టారు, దారి తప్పినవాటిని వెతికి తెచ్చారు.

ఈ పనిలో చెయ్యి తిరిగిన స్థానికులే 1992 నుంచి సొంత సంస్థ పెట్టుకుని నడుపుతున్నారు. క్లైమన్ 2010లో కన్నుమూశారు. 2023లో ఆ సంస్థవాళ్లు అడవి లెక్క తీస్తే సుమారు 4,800 తేలాయి.