మనసుకు నచ్చిన పని, ఎవరి మనసుకు?

వ్యక్తిత్వ వికాస పుస్తకాలు తెలుగులో బాగానే అమ్ముడవుతున్నాయి. మనసుకు నచ్చిన పనే చేయమంటాయి. మాట మంచిదే. ఆ మాట ఎవరితో అంటున్నారో చూసుకోకపోవడాన్నే మేము తప్పు పడుతున్నాం. ఆ పుస్తకాల్లో కథానాయకుడికి వదిలేయడానికి ఎప్పుడూ ఒక మంచి ఉద్యోగం ఉంటుంది. (అది వదిలేశాక ఇంట్లో బియ్యం ఎవరు తెచ్చారో మాత్రం రాయరు.)

హౌరాలోని టికియాపారాకు రైలు షెడ్డు ఉంది, దగ్గర్లో బెలిలియస్ రోడ్డు లేతు కార్ఖానాలున్నాయి. ఇక్కడి కుర్రాళ్ళను ఏం చేయాలనుందని అడిగితే, ముందు నాన్న ఏం చేస్తాడో చెబుతారు. వీధులూడ్చే తండ్రి సర్వీసులో పోతే కొడుక్కి కారుణ్య నియామకం, చేతికి అదే చీపురు. నెలజీతం వస్తుంది గనుక తల్లి చేరమంటుంది. ఆమెను తప్పుపట్టే అర్హత ఏ పుస్తకానికీ లేదు.

బాబాసాహెబ్ 1936లో, లాహోరులో చదవనివ్వని ప్రసంగాన్ని 'కుల నిర్మూలన'గా అచ్చువేశారు. కులం పనిని కాదు, పనివాళ్ళనే విభజించిందన్న వాదన అందరికీ గుర్తుంటుంది. ఆ వెంటనే ఆయన ఇష్టం గురించీ మాట్లాడారు. పుట్టుక అంటగట్టిన పనిలో మనసూ బుద్ధీ నిలవవు గనుక నైపుణ్యమూ రాదన్నారు. వేరే వృత్తిలోకి పోనివ్వని కులమే నిరుద్యోగానికీ కారణమన్నారు. పని, తృప్తి అన్న విషయం మీద ఇంతకన్నా సూటి రచన మాకు కనబడలేదు.

బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల దగ్గర పాకీపని చేసే తెలుగు కుటుంబంలో పుట్టారు. చదువుకుని ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజికి వెళితే ఆయన పేరు పక్కన ఆ పనే రాశారు. ఆయన అందులో చేరలేదు. దేశంలో ఆ పనే ఉండకూడదని తిరగడం ఆయన వృత్తి అయింది. సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014లో, 1993 నుంచి మురుగుకాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షల చొప్పున ఇమ్మంది. సమ్యక్ ఆజీవాన్ని వివరించాలంటే మేము ముందు ఈ కేసే చెబుతాం.

లా చదివినవాళ్ళం గనుక ఒక సెక్షను సంగతి. పాకీపనిని నిషేధించిన 2013 చట్టం 13వ సెక్షను, ఆ పని మానినవారికి వేరే పనిలో శిక్షణ, నెలకు 3,000 రూపాయలకు తగ్గని భత్యం ఇమ్మంటుంది. ఆ శిక్షణకు అర్హతతో పాటు వాళ్ళ ఇష్టం కూడా ఉండాలని అందులో రాసి ఉంది. అమలులో చాలాచోట్ల ఆ మాట మీద కన్నే పడదు. కుట్టుమిషనో, ఆటోనో ముందే ఖాయమై ఉంటుంది. దరఖాస్తు రాసేటప్పుడు మేము ఆగి, మీకేం పని ఇష్టమని అడుగుతాం. చాలామంది రేపు చెబుతామని వెళ్ళిపోతారు. రెండు మూడు రోజులకు వచ్చి చెబుతారు.