మైకు తర్వాత, ముందు సబ్జెక్టు

ఇంటర్ ఫలితాలు రాగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, మావాడు మీడియా అంటున్నాడు, ఏ కాలేజీలో చేర్చమంటావ్?" ఏళ్ల తరబడి డెస్క్‌లో కాపీలు దిద్దినవాణ్ని కాబట్టి నేను చెప్పేది ఒకటే: డిగ్రీలో ఎకనామిక్సో, చరిత్రో, స్టాటిస్టిక్సో చదివించండి. జర్నలిజం పీజీలో చూసుకోవచ్చు. ఈ జవాబు చాలామందికి రుచించదు.

ఇంట్రో రాయడం, హెడ్డింగ్ పెట్టడం డెస్క్‌లో కూర్చుంటే కొన్ని నెలల్లో వచ్చేస్తాయి. విషయం అలా రాదు. శ్రీశైలానికి వరదొస్తే చాలు, క్యూసెక్కులూ టీఎంసీలూ కలగాపులగమైన కాపీలు వచ్చిపడతాయి. క్యూసెక్కు ప్రవాహానికి కొలత, టీఎంసీ నిల్వకు. 24 గంటలపాటు దాదాపు 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ. ఈ లెక్క తెలిసిన విలేకరి ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో చూసి జలాశయం ఎప్పటికి నిండుతుందో తానే అంచనా వేస్తాడు. తెలియనివాడు అధికారి చెప్పింది రాసుకొస్తాడు. బడ్జెట్ నాడూ అంతే. రెవెన్యూ లోటుకీ ద్రవ్యలోటుకీ తేడా తెలియకపోతే, తెచ్చిన అప్పు రోజువారీ ఖర్చులకా, ప్రాజెక్టులకా అన్న ప్రశ్నే పుట్టదు. పల్లెల కరవు గురించి అంత రాసిన జర్నలిస్టు పాలగుమ్మి సాయినాథ్ జేఎన్‌యూలో చదివింది చరిత్రే.

అలాగని జర్నలిజం చదువు దండగ అనను. ఉస్మానియా 1954 నుంచి నేర్పుతోంది. ఢిల్లీలో ఐఐఎంసీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్) 1965లో మొదలైంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి 'బోల్ హైదరాబాద్' అనే సొంత కమ్యూనిటీ రేడియో ఉంది. తెలుగులోనే రాయాలనుకునేవారికి దినపత్రికలు నడిపే జర్నలిజం స్కూళ్లున్నాయి. అక్కడ స్టైపెండ్ ఇచ్చి మరీ పని నేర్పుతారు. అయితే తెలుగు, అనువాదం, వర్తమాన వ్యవహారాల మీద పట్టు లేకుండా ప్రవేశ పరీక్ష గట్టెక్కడం కష్టం. కోర్సయ్యాక ఎన్నేళ్లు పనిచేయాలన్న ఒప్పందం ఏమైనా ఉందేమో సంతకానికి ముందే చదువుకోవాలి.

ఇక కాలేజీ ఎంపిక. తల్లిదండ్రులు ఫీజు అడుగుతారు, పిల్లలు స్టూడియోలో కెమెరాలు చూసి మురిసిపోతారు. కెమెరా పాతదైనా పాఠం ఆగదు. పాఠం చెప్పేవాళ్లు ఎప్పుడైనా ఫీల్డులో తిరిగారా? విద్యార్థులు తెచ్చే ప్రాక్టీస్ పత్రిక నెలనెలా వస్తోందా, తనిఖీలప్పుడే అచ్చవుతోందా? ఇవి అడగండి. పోయినేడాది విద్యార్థి రాసిన ఒక వార్తనూ, దాన్ని దిద్దిన కాపీనీ చూపించమనండి. ఎర్ర సిరా కనిపించిన కాలేజీకే ఫీజు కట్టండి.