మునిగీ మునగని తీగకొస

పాత మిక్సీ విప్పి చూసినవాళ్లకు కార్బన్ బ్రష్‌లు తెలుసు. తిరిగే భాగానికి కరెంటు అందించాలంటే ఏదో ఒకటి దాన్ని తాకుతూ ఉండాలి. తాకితే రాపిడి, అరుగుదల, నిప్పురవ్వలు, నల్లటి పొడి. పాదరసంతో ఈ బాధలేవీ లేవు.

1821లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే చేయించిన పరికరంలో రెండు పాదరసం గిన్నెలు ఉంటాయి. మొదటిదాంట్లో అయస్కాంతం నిలువుగా బిగించి ఉంటుంది. పైనుంచి వేలాడే తీగకొస పాదరసంలో మునిగీ మునగనట్టు ఉంటుంది. బ్యాటరీ కలిపితే తీగ అయస్కాంతం చుట్టూ ప్రదక్షిణలు చేస్తుంది. రెండో గిన్నెలో తీగ స్థిరం, అయస్కాంతమే తిరుగుతుంది. నాకు ముచ్చటేసేది ఈ రెండోదే. పాదరసం నీటికన్నా 13.6 రెట్లు బరువు, అయస్కాంతపు ఉక్కు ఎనిమిది రెట్లకు లోపే. కాబట్టి అడుగుకొసను గిన్నెకు కట్టేస్తే అయస్కాంతం తేలుతూ నిలబడుతుంది. కరెంటు తెచ్చేదీ పాదరసమే, బరువు మోసేదీ పాదరసమే! ఇంత పొదుపైన పనితనం నేను మరో యంత్రంలో చూడలేదు.

రెండు లోహాలను ఎంత నున్నగా సానపట్టినా అవి కొన్ని సూక్ష్మమైన మిట్టల దగ్గరే తాకుతాయి. ద్రవం ప్రతి గుంటలోకీ దిగుతుంది. పాదరసం రాగికన్నా యాభై రెట్లకు పైగా నాసి వాహకమే, కానీ దారి పొట్టిది, వెడల్పైనది. అందుకే తిరిగే భాగాలకు పాదరసంతో కరెంటు అందించే నేటి మెర్కోటాక్ కనెక్టర్లలో నిరోధం ఒక మిల్లీఓమ్‌కు లోపే. ప్యాకింగ్ యంత్రాల వేడి రోలర్లలో ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ పంపేది కొద్ది మిల్లీవోల్టులు. బ్రష్ గరగరలో అవి కొట్టుకుపోతాయి. పాదరసం గుండా చెక్కుచెదరకుండా వస్తాయి.

కష్టమంతా పాదరసాన్ని లొంగదీసుకోవడంలో ఉంది. ఇనుము మీద తామరాకు మీది నీటిబొట్టులా దొర్లిపోతుంది. బంగారం, వెండి తగిలితే వాటినే కరిగించుకుంటుంది. లోహాన్ని తడపాలి, తినేయకూడదు. పైగా ఆవిరి విషం కాబట్టి బొట్టయినా బయటికి రాకూడదు. మైనస్ 39 డిగ్రీల దగ్గర గడ్డకట్టి ఇరుసును పట్టేస్తుంది.

అందుకే కొందరు గాలియం, ఇండియం, తగరం కలిపిన మిశ్రమం వైపు మళ్లారు. అది పాదరసమంత విషం కాదు. గాలి సోకితే మాత్రం క్షణాల్లో ఆక్సైడ్ మీగడ కడుతుంది, అల్యూమినియాన్ని పెళుసుబారుస్తుంది. దాని గూటిని నైట్రోజన్‌తో నింపి, అల్యూమినియం జాడ లేకుండా కట్టాలి.